పెరట్లో వడ్రంగి సాల: మాస్టారి జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే కోరిక చెప్పాయి. ఉద్యోగం విరమించినవాళ్ళు, కాలేజీ కుర్రాళ్ళు, ఇద్దరు గృహిణులు, అందరికీ ఇంటి దగ్గరే వడ్రంగం చేసుకునే చోటు కావాలట. ఏళ్ళ తరబడి హైస్కూల్లో పిల్లలకు ఉలి పట్టడం నేర్పి, ఇప్పుడు మండపేట దగ్గర మా పెరటి సాలలోనే పొద్దు గడుపుతున్న నాకు ఇంతకంటే సంతోషం ఏముంటుంది! మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు ఉంచి, ఈసారి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మాస్టారు గారికి నమస్కారం. బ్యాంకు ఉద్యోగం అయిపోయి సొంతూరు వచ్చేశాను. గేదెల్ని అమ్మేశాక గొడ్ల సావిడి ఖాళీగా ఉంది. 12 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు, పైన పాత సిమెంటు రేకులు. 60 వేలు పక్కన పెట్టుకున్నాను. ఏయే మిషన్లు కొనమంటారు? (ముమ్మిడివరం దగ్గర నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మిషన్ల మాట చివర్లో చెబుతానండీ. ముందు ఆ సావిడి నేల సంగతి చూడాలి. మన డెల్టాలో ఇంటి వడ్రంగాన్ని పాడుచేసేది చెమ్మ. ఆ చెమ్మ మొదట నేలలోంచే వస్తుంది.

ఏళ్ళ తరబడి గేదెలు కట్టిన నేల అది. మూత్రం, పేడనీళ్ళు ఇంకి ఇంకి మట్టంతా ఉప్పెక్కి ఉంటుంది. పూర్వం సురేకారం తీసింది ఇలాంటి దొడ్ల మట్టి నుంచే. ఆ ఉప్పు గాల్లో తేమను లాక్కుంటుంది, గోడల్లోకి పాకుతుంది, దగ్గర పెట్టిన ఇనుమును తినేస్తుంది. దాని మీద పైపైన సిమెంటు పూత పూస్తే కొన్నాళ్ళకే పొరలుగా లేచిపోతుంది. కాబట్టి అడుగు లోతున మట్టి తీయించి కొబ్బరి చెట్ల పాదుల్లో పోయించండి. ఆ గోతిని, పైన కావలసిన ఎత్తు వరకూ, ఇసుకతో నింపి, తడిపి, దిమ్మిస కొట్టించి, మీద మందపాటి ప్లాస్టిక్ పట్టా పరిపించండి. పట్టా ముక్కలు ఒకదాని మీద ఒకటి అడుగు మేర ఎక్కాలి. దానిపైన 4 అంగుళాల కాంక్రీటు. పూర్తయ్యేసరికి నేల పెరటి మట్టానికి అడుగున్నర ఎత్తున ఉండేట్టు చూసుకోండి. గోడలకు సున్నం చాలు. నిగనిగలాడే రంగు వేస్తే చెమ్మ లోపలే ఉండిపోయి పెచ్చులు ఊడతాయి.

రేకుల విషయంలో ఒక జాగ్రత్త. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ నార ఉంటుంది. వాటికి బెజ్జాలు వెయ్యడం, రంపంతో కొయ్యడం, బ్రష్షుతో గీకి కడగడం చెయ్యొద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే ఏళ్ళ తర్వాత ప్రాణం మీదికి తెస్తుంది. పగుళ్ళు లేకపోతే కదపకుండా వదిలేసి, కింద వెదురు తడకలతో లోకప్పు కట్టించండి. ఎండ వేడీ తగ్గుతుంది, చలికాలం తెల్లవారుజామున రేకుల అడుగున పట్టే మంచునీరు మీ పలకల మీద కారదు.

ఇక బల్ల. సాలలో అన్నిటికంటే విలువైన పనిముట్టు బల్లే అని నా నమ్మకం. బల్ల ఊగితే, కర్రను నున్నగా తోసే చిత్రిక ఎంత ఖరీదైనదైనా సరిగ్గా నడవదు. నిటారుగా నిలబడి చేతులు కిందికి వదలండి. మణికట్టు మడత ఎంత ఎత్తులో ఉందో బల్ల అంత ఎత్తు ఉండాలి. ఐదున్నర అడుగుల మనిషికి 32, 33 అంగుళాలు వస్తుంది. 6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, పైపలక 3 అంగుళాల మందం, కాళ్ళు 4 అంగుళాల చదరం. కర్ర కోసం కొత్త టేకు కొనకండి. మీ కోనసీమలో మండువా లోగిళ్ళు పడగొడుతున్న కొద్దీ దూలాలు, ద్వారబంధాలు పాత సామాను కొట్లకు చేరుతున్నాయి. రెండు తరాలు ఇంటి కప్పు కింద ఆరిన కర్ర అది, ఇక వంకర తిరగదు. ఆ ఇళ్ళు పోతున్నందుకు నాకు బాధే. ఆ కర్ర పొయ్యిలోకి పోకుండా ఒక బల్ల అయి నిలబడితే కొంత ఊరట. కొన్నాక అంగుళం అంగుళం అయస్కాంతంతో తడమండి. లోపల విరిగి ఉండిపోయిన మేకు ఒక్కటి తగిలినా చిత్రిక పదును పోతుంది.

బల్లను ఉత్తరం కిటికీ కింద వేయండి. ఉత్తరపు వెలుగు రోజంతా ఒకేలా ఉంటుంది, గీసిన గీత మీద నీడ పడదు. బల్ల ముందు మీరు నిలబడే చోట పాత చెక్కలతో రెండంగుళాల ఎత్తు అరుగు వేసుకుంటే మోకాళ్ళకు మంచిది, ఉలి జారిపడినా మొన విరగదు.

కరెంటు ఇంట్లోంచి ఎక్స్‌టెన్షన్ లాగొద్దు. మీటరు దగ్గర నుంచి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ విడిగా వేయించి, 16 ఆంపియర్ల సాకెట్లు బల్లకు పైన పెట్టించండి. ఎర్తు తప్పనిసరి. కరెంటు లీకైతే దానంతట అదే ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. స్విచ్చి కూడా పెట్టించండి, తడి నేల మీద షాకు కొడితే ప్రాణం కాపాడేది అదే. లైట్లకు వేరే ఎం.సి.బి. (ఫ్యూజు బదులు వాడే స్విచ్చి) ఉండాలి. రంపం తిరుగుతుండగా ఫ్యూజు పోయి చీకటి పడితే, ఇంకా ఆగని బ్లేడు పక్కన మీరు గుడ్డిగా నిలబడి ఉంటారు. మరో మాట: కోత మధ్యలో కరెంటు పోతే ముందు స్విచ్చి ఆపండి, ఆ తర్వాతే ఇంకో పని. మరచిపోతే కరెంటు వచ్చినప్పుడు మిషను దానంతట అదే తిరుగుతుంది.

వీటన్నిటికీ మీ డబ్బులో 40 వేలు అయిపోయినా బాధపడకండి. మిగిలినదానితో స్టీలు టేపు, 12 అంగుళాల మూలమట్టం (మూలలు సరిచూసే ఎల్ ఆకారపు పనిముట్టు), ఒక చేతిరంపం, 14 అంగుళాల ఇనుప చిత్రిక, 6, 12, 25 మిల్లీమీటర్ల ఉలులు మూడు, నూనె సానరాయి, నాలుగు క్లాంపులు, ఒక బ్యాటరీ డ్రిల్లు. సుత్తి కొనక్కర్లేదు, చింతకర్రతో మీరే చేసుకోండి, అదే మీ మొదటి పని. వచ్చే ఏడాది 7 అంగుళాల సర్క్యులర్ రంపం. పలకలు ఒకే మందానికి తీసే పెద్ద మిషన్లు ఇంటికి అక్కర్లేదు, ఆ పని కోతమిల్లులో చేయించుకోండి. ఒకవేళ మనసు లాగి టేబుల్ రంపం కొంటే గది మధ్యలో, పొడవు వైపుగా పెట్టండి. 8 అడుగుల ప్లైవుడ్ కొయ్యాలంటే బ్లేడుకు ముందు 8, వెనక 8 అడుగులు ఖాళీ కావాలి. మీ 18 అడుగులు అందుకు సరిగ్గా సరిపోతాయి.

ప్రశ్న: భీమవరంలో మేడ మీద రెండు గదుల అద్దె ఇల్లు మాది. బాల్కనీ తప్ప చోటు లేదు. చప్పుడైతే కింద ఉన్న ఇంటివాళ్ళు ఊరుకోరు. నేను వడ్రంగం నేర్చుకోగలనా మాస్టారూ? (ఒక గృహిణి)

జవాబు: తప్పకుండా నేర్చుకోగలవమ్మా. మా నాన్న జీవితమంతా నేల మీద కూర్చునే పని చేశాడు. కర్రను పాదంతో అదిమిపెట్టి బళ్ళూ, నాగళ్ళూ, పెళ్ళి పీటలూ చేశాడు. నీకు కావలసింది రెండడుగుల బరువైన పీట, దాని అవతలి అంచున పైన ఒక బద్ద, నీ వైపు అంచున అడుగున ఒక బద్ద. అడుగు బద్ద గట్టు అంచుకు తన్ని ఉంటుంది, పైబద్దకు కర్ర ఆన్చి కొయ్యాలి. చప్పుడు వచ్చేది సుత్తి దెబ్బకే. ఉలిని కొట్టకుండా అరచేత్తో తోసే పనులతో మొదలుపెట్టు: గరిటెలు, పోపుల పెట్టె, దేవుడి పీట. పనస, వేప ముక్కలు తీసుకో, లేత పనస చేతికి హాయిగా లొంగుతుంది. పీట కింద పాత గోనెసంచి మడత వేస్తే కిందికి అదురు దిగదు.

ప్రశ్న: పనిముట్లు గోడకు తగిలిద్దామని మేకులు కొడితే సిమెంటు పెచ్చులు ఊడుతున్నాయి. (పాలకొల్లు)

జవాబు: ఒక్కో పనిముట్టుకు ఒక్కో మేకు కొడితే గోడ జల్లెడవుతుంది, పైగా ఇనుము చెమ్మ గోడకు ఆనుకుంటుంది. అంగుళం మందం, ఐదంగుళాల వెడల్పు ఉన్న పలక తీసుకుని మధ్యగా నిలువునా 45 డిగ్రీల వాలులో కోయండి. రెండు బద్దలు వస్తాయి. ఒకదాన్ని, వాలు గోడ వైపు లోపలికి దిగేట్టుగా, పదునంచు పైకి ఉంచి గోడకు అడ్డంగా బిగించండి. నాలుగు మరలు, నాలుగు ప్లాస్టిక్ గుళ్ళు చాలు. రెండో బద్దను తిరగేసి, ఉలుల అర వెనక్కి బిగించండి. అర ఎత్తి తగిలిస్తే రెండు వాలులూ ఒకదాన్ని ఒకటి పట్టుకుంటాయి. బరువు పెరిగిన కొద్దీ పట్టు బిగుస్తుంది. రేపు సర్దుబాటు మార్చాలంటే ఎత్తి పక్కకు జరపడమే. గోడకూ అరకూ మధ్య అంగుళం గాలి ఆడుతుంది కాబట్టి చెమ్మ అంటదు. ఇలాంటి బద్దలు అడుగుకొకటి చొప్పున గోడంతా వేసుకోవచ్చు. రోజూ వాడేవి కంటి ఎత్తుకూ నడుము ఎత్తుకూ మధ్యలో ఉంచండి.

ప్రశ్న: అంతర్వేది దగ్గర మా ఊరు. సముద్రపు గాలికి చిత్రిక, రంపం వారం తిరక్కుండా తుప్పు పడుతున్నాయి. కొబ్బరినూనె రాస్తున్నాను. (సఖినేటిపల్లి మండలం)

జవాబు: కొబ్బరినూనె ఆపండి. చలికాలం పేరుకుంటుంది, పాతబడి కంపు కొడుతుంది, అందులో పుట్టే ఆమ్లం ఇనుముకు మంచిది కాదు. కుట్టుమిషను నూనె వాడండి. గాల్లో తేమ 60 శాతం దాటితే తుప్పు జోరందుకుంటుంది. మీ ఊళ్ళో ఏడాదిలో చాలా భాగం తేమ అంతకంటే ఎక్కువే, ఆ మీద ఉప్పు. కాబట్టి మొత్తం గదిని ఆరబెట్టాలని చూడకండి, ఒక పెట్టెను ఆరబెట్టండి. మూత బిగుతుగా పడే చెక్క బీరువాలో పాత రకం వేడి బల్బు, 15 వాట్లది, అడుగున పెట్టి వెలిగించి ఉంచండి. చుట్టూ తీగ జాలీ కట్టండి, గుడ్డలూ కాగితాలూ దరికి రానివ్వకండి. ఆ కొద్ది వెచ్చదనానికే లోపల తేమ దిగుతుంది. పని అయ్యాక ముందు పొడిగుడ్డతో చేతి చెమట తుడవాలి, తర్వాత నూనెగుడ్డ. చిత్రిక అడుగుకూ రంపం పలకకూ కొవ్వొత్తి రుద్దితే తుప్పూ పట్టదు, జారుడూ వస్తుంది. ఇప్పటికే పట్టిన తుప్పుకు ఒక రాత్రి వెనిగర్‌లో నానబెట్టి, ఇత్తడి బ్రష్షుతో రుద్ది, తినేసోడా నీళ్ళతో కడిగి, వెంటనే ఎండలో ఆరబెట్టి నూనె పట్టించండి. చిక్కటి చింతపండు రసం కూడా పనిచేస్తుంది, కాకపోతే ఎక్కువసేపు నానాలి.

ప్రశ్న: 4 అంగుళాల మార్బుల్ కట్టర్‌కు చెక్క కోసే బ్లేడు వేసి, ప్లైవుడ్ బల్ల కింద తిరగేసి బిగించాను. టేబుల్ రంపంలా బాగా కోస్తోంది. అందరూ ఇలాగే వాడుతున్నారు. మీ అభిప్రాయం? (తణుకు)

జవాబు: ఈ రోజే విప్పెయ్యి బాబూ. అందరూ వాడుతున్నారన్నది నిజమే. ఆ పద్ధతిలో వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు నాకు తెలుసు, అందులో నా దగ్గర చదువుకున్న పిల్లాడూ ఉన్నాడు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఆ మిషను రాయి కొయ్యడానికి చేసింది. నిమిషానికి ఇంచుమించు 13 వేల చుట్లు తిరుగుతుంది. చెక్క కోసే 7 అంగుళాల రంపం 5 వేల పైచిలుకు తిరుగుతుంది. పళ్ళ బ్లేడును అది తట్టుకోగల వేగానికి మించి తిప్పితే పన్ను ఊడి తూటాలా వస్తుంది. తిరగేసి బిగించడానికి నువ్వు రక్షణ కప్పు తీసేసి ఉంటావు. స్విచ్చి ఆన్‌లో ఉంచి తాడు కట్టి ఉంటావు, ఆపాలంటే ప్లగ్గు పీకాలి. అన్నిటికంటే పెద్ద లోపం, బ్లేడు వెనక చీలిక కత్తి, అంటే కోసిన సందు మూసుకోకుండా ఆపే రేకు, లేదు. కోసిన కర్ర మళ్ళీ మూసుకుని బ్లేడును పట్టుకుంటే, ఆ కర్ర నీ పొట్ట మీదికి ఎగిరి వస్తుంది, దాన్ని తోస్తున్న చెయ్యి బ్లేడు మీదికి పోతుంది. నీకు తెలిసే లోపే అయిపోతుంది.

సర్క్యులర్ రంపం కొనుక్కో. పలకను నేల మీద పాత థర్మోకోల్ షీటుపై పరిచి, తిన్నటి అల్యూమినియం పట్టీని రెండు క్లాంపులతో బిగించి, దాని వెంట రంపం నడిపితే టేబుల్ రంపం కంటే తిన్నగా వస్తుంది. పనిచేసేటప్పుడు భుజం మీద తువ్వాలు, లుంగీ, చేతికి దారాలు, ఉంగరాలు వద్దు. తిరిగే బ్లేడు దగ్గర చేతి తొడుగులు కూడా వద్దు, దారం చిక్కితే చేతిని లాక్కుపోతుంది. కళ్ళజోడు, చెవి కప్పులు మాత్రం తప్పక పెట్టుకో.

ప్రశ్న: గాలివానకు మా తోటలో ముదురు కొబ్బరి చెట్లు, ఇరవై ఏళ్ళ టేకు చెట్టు ఒకటి పడ్డాయి. వీటితో హైదరాబాదులో ఉన్న మా అమ్మాయికి భోజనాల బల్ల చేయాలని ఉంది. (కొత్తపేట)

జవాబు: ముందు టేకు. పెరట్లో పెరిగినదైనా, గాలికి పడినదైనా కోతమిల్లుకు తరలించే ముందు అటవీ శాఖవారిని కలిసి అనుమతి అడగండి. చెట్ల నరికివేతకు 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కూడా ఉంది. పడిన చెట్టును ఒక ఫొటో తీసి ఉంచుకోండి.

ఇరవై ఏళ్ళ టేకులో నడిమి గట్టి కర్ర, అంటే చేవ, తక్కువ; దాని చుట్టూ ఉండే లేత తెల్లకర్ర ఎక్కువ. తెల్లకర్రను పుచ్చు, చెద పట్టుకుంటాయి. బల్ల పైపలకకు చేవ ముక్కలే ఏరండి. కొబ్బరి దీనికి తలకిందులు. అందులో గట్టిదనమంతా బయట, నడిమి భాగం గుల్ల. తాడిచెట్టూ అంతే, అందుకే మన పాత ఇళ్ళ తాటి దూలాల్లో లోపలి దూటు (మెత్తటి గుజ్జు భాగం) చెక్కేసి బయటి పట్టెలే వాడారు. కొబ్బరి మొదలు వైపు మూడో వంతు తీసుకుని, చుట్టూ రెండు మూడు అంగుళాల మందం మాత్రమే కోయించండి. బల్ల కాళ్ళకు అది భేషుగ్గా ఉంటుంది. మామూలు బ్లేడు త్వరగా మొద్దుబారుతుంది కాబట్టి కార్బైడ్ పళ్ళ బ్లేడు కావాలి. పడిన నెలలోపే కోయించండి, ఆలస్యమైతే బూజు నీలంగా లోపలికి దిగుతుంది.

కోసిన పలకల్ని అడుగు ఎత్తు దిమ్మల మీద, నీడలో, గాలి ఆడే చోట పేర్చండి. పలకకూ పలకకూ మధ్య అంగుళం బద్దలు, రెండడుగులకొకటి, కింది బద్దకు సరిగ్గా మీద పైబద్ద. వరస తప్పితే పలక వంగుతుంది. రెండు కొనలకూ పాత పెయింటు పట్టించండి, లేకపోతే కొనలు ముందుగా ఆరి చీలతాయి. అంగుళం మందానికి ఏడాది అని పెద్దల లెక్క. నమ్మకం కుదరకపోతే ఒక ముక్కను వారానికోసారి తూచండి. బరువు తగ్గడం ఆగిందంటే మన ఊరి గాలికి అది ఆరినట్టే.

మన ఊరి గాలికి అన్న మాట గుర్తుంచుకోండి. ఇక్కడ నీడలో ఎంత ఆరబెట్టినా కర్రలో 14, 15 శాతం నీరు ఉండిపోతుంది. హైదరాబాదు గాలి పొడి, అక్కడ ఫ్లాటులో అది ఇంకా ఆరి ఇంకా కుంచించుకుపోతుంది. కర్ర పొడవున ఇంచుమించు కుంచించుకోదు, అడ్డంగానే. అందులోనూ వలయాల వెంట కుంచించుకునేది, నడిమి నుంచి అంచు వైపు కుంచించుకునేదానికి సుమారు రెట్టింపు. పైపలకను ఫ్రేముకు జిగురు పెట్టి అతికిస్తే మొదటి వేసవిలోనే నడిమికి చీలుతుంది. అందుకని ఫ్రేముకు బెజ్జాలు గుండ్రంగా కాకుండా అడ్డంగా పొడుగ్గా తీసి, వాషర్లు వేసి మరలు బిగించండి. పలక కదులుతుంది, చీలదు. పైన ఎంత పూసారో అడుగునా అంతే వార్నిష్ పూయండి. అమ్మాయికి ఇచ్చే బల్ల కదా, అడుగు వైపు కనపడదని వదలకండి.

ప్రశ్న: రంపపు పొట్టు వంటింట్లోకి వస్తోందని ఇంట్లో గొడవ. పిల్లాడికి ఉబ్బసం. (తాడేపల్లిగూడెం)

జవాబు: మీ ఇంట్లోవాళ్ళదే న్యాయం. కర్ర దుమ్మును ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ పరిశోధన విభాగం మనుషుల్లో కేన్సర్ కలిగించే వాటి జాబితాలో చేర్చింది. కంటికి కనపడే పొట్టు కంటే గాల్లో తేలే సన్నటి పొడి ప్రమాదం. ఉప్పుకాగితం పని ఆరుబయట చేయండి, గాలి ఇంటి మీది నుంచి వీస్తున్నప్పుడు మీరు దిగువన ఉండండి. మిషన్లకు వ్యాక్యూమ్ గొట్టం తగిలించండి. ఎన్95 మాస్కు వాడండి, తువ్వాలు కట్టుకుంటే చాలదు. చీపురుతో ఊడ్చకండి, తడిగుడ్డతో తుడవండి. బట్టలు సాలలోనే మార్చుకుని ఇంట్లోకి వెళ్ళండి. అవిసెనూనె పూసిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడెయ్యొద్దు, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. తీగ మీద విడివిడిగా ఆరేయండి.

ప్రశ్న: కొత్త సాలలో అరలకు ఏ ప్లైవుడ్ మంచిది? (రావులపాలెం)

జవాబు: షీటు మీద ముద్ర చూడండి. ఐ.ఎస్. 710 (మెరైన్ ప్లైవుడ్ ప్రమాణం) ఉంటే మంచిది. ఖర్చు తగ్గించాలంటే ఐ.ఎస్. 303లో బి.డబ్ల్యు.ఆర్. (మరిగే నీటిని తట్టుకునే) రకం. ఎం.ఆర్. (కొద్దిపాటి చెమ్మను మాత్రం తట్టుకునే) రకం మన వానలకు నిలవదు.

ప్రశ్న: గోదావరి పాయల మధ్య లంక గ్రామం మాది. ఏటా వరద భయమే. ఇక్కడ సాల పెట్టుకోవడం తెలివైన పనేనా? (పి. గన్నవరం మండలం)

జవాబు: పెట్టుకోండి. లంకల్లో పడవలు చేసినవాళ్ళు వరదతోనే బతికారు. కాకపోతే సాలను వరద లెక్కతో కట్టాలి. సాకెట్లు, బోర్డు మీ ఇంటి గోడ మీద ఉన్న పెద్ద వరద గుర్తుకు పైన ఉండాలి. 2022 జూలైలో ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదిలారు, ఆనాటి మరక మీ గోడల మీద ఉండే ఉంటుంది. ఏ మిషనూ నేలకు బోల్టులతో బిగించకండి. ఇద్దరు మనుషులు ఎత్తలేని మిషను కొనకండి. బల్లను మాత్రం కాళ్ళకు తాడు వేసి స్తంభానికి కట్టండి, లేకపోతే తేలిపోతుంది. అటక గట్టిగా వేయించి దాని మీదికి కప్పీ, తాడు ఉంచుకోండి.

భద్రాచలం దగ్గర 48 అడుగులతో రెండో హెచ్చరిక ఇచ్చారని వినగానే మోటార్లు ఉన్నవన్నీ అటక ఎక్కించండి. ఆ నీరు ధవళేశ్వరం చేరడానికి ఇంచుమించు ఒక రోజు పడుతుంది. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. రెండోది వచ్చేసరికి ఉలుల పెట్టె మీతో పాటు పడవెక్కాలి. పేర్చిన పలకల్ని కొబ్బరి తాడుతో కట్టగట్టి చెట్టుకు బిగించండి.

నీరు తీశాక తొందరపడి స్విచ్చి వేయొద్దు. తడిసిన మోటారును విప్పి, మంచినీళ్ళతో కడిగి, కొన్ని రోజులు నీడలో ఆరబెట్టి, ఎలక్ట్రీషియన్ పరీక్షించాకే కరెంటు ఇవ్వాలి. పలకల మీది ఒండ్రు ఆరకముందే కడిగెయ్యండి. గీతల్లో ఇరుక్కున్న సన్నటి ఇసుక చిత్రిక పదును తినేస్తుంది, కాబట్టి ఆరాక తీగ బ్రష్షుతో ఒకసారి దులిపి, అప్పుడు పని మొదలుపెట్టండి.